ప్రామాణిక విజిల్

"ఆ రోజులే వేరు" అనడానికి ఇకమీదట అర్హత ఉండాలని భృంగనాదం కార్యవర్గం తీర్మానించిన పొద్దున, చంద్రకళ తెనాలిలో తన వంటింట్లో వంకాయలు తరుగుతోంది. ఫోను టింగుమంటే తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని చూసింది. కళ్ళజోడు లేక తప్పు చదివానేమోనని కళ్ళజోడు వెతికి పెట్టుకుని మళ్ళీ చదివింది. కళ్ళజోడుతో కూడా అదే ఉంది.

భృంగనాదం అంటే సంగీత దర్శకుడు దేవరపల్లి భృంగేశ్వరరావు గారి అభిమానులు ఇంటర్నెట్‌లో పెట్టుకున్న చావడి. భృంగం గారు బతికున్నన్నాళ్ళూ ఆయన్ని పెద్దగా పట్టించుకున్నవాళ్ళు లేరు. ఆయన పాటలు కట్టిన సినిమాల్లో కొన్ని ఆడలేదు, కొన్ని అసలు విడుదలే కాలేదు. ఆయన పోయాక పట్టుకున్నవాళ్ళు మాత్రం ఇంతవరకూ వదల్లేదు. మొదట్లో చావడిలో పాటల గురించే మాట్లాడుకునేవారు. ఏ పాటలో వేణువు ఎవరిది, ఏ చరణంలో గాయని ఎక్కడ ఊపిరి తీసుకుంది, ఇలాంటివి. కొన్నేళ్ళకు ఆ కబుర్లు అయిపోయాయి. కొత్త పాటలు కట్టడానికి ఆయన లేడు. అప్పుడు అందరూ కలిసి, తాము పాటల గురించి మాట్లాడుకున్న రోజుల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అది ఎప్పటికీ తరిగే సరుకు కాదు కనుక చావడి నిలబడింది.

ఇప్పుడు దానికీ గండం వచ్చింది. కార్యవర్గం పంపిన ప్రకటన ఇలా ఉంది:

"విషయం: గతస్మృతుల దుర్వినియోగ నివారణ. ఇటీవల చేరిన కొందరు సభ్యులు తాము లేని రోజులను తలచుకుని బెంగపడుచున్నట్లు కార్యవర్గం దృష్టికి వచ్చినది. అర్హత లేని బెంగ వలన అసలు బెంగ విలువ పడిపోవుచున్నది. కావున సభ్యులను మూడు తరగతులుగా విభజించడమైనది. మోడెం కీచుమని అరిచిన కాలంలో చేరినవారు ఆదిసభ్యులు. వీరు 'ఆ రోజులే వేరు' అని నిరాటంకంగా అనవచ్చును. తదుపరి చేరినవారు మధ్యములు. వీరు 'ఆ రోజులు వేరేనేమో' అనవచ్చును. చేతి ఫోనులు వచ్చిన తరువాత చేరినవారు అర్వాచీనులు. వీరు 'అలాగా' అనవచ్చును. నిట్టూర్పు బొమ్మలు ఆదిసభ్యులకు మాత్రమే. ఇట్లు, తుమ్మగుంట పినాకపాణి, వ్యవస్థాపక అధ్యక్షుడు."

పినాకపాణి గారు విద్యుత్ శాఖలో లెక్కల అధికారిగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం వదిలినా ఉద్యోగంలోని భాష ఆయన్ని వదల్లేదు. ఇంట్లో కాఫీ కావాలన్నా "తగు చర్య నిమిత్తం" అంటాడని చావడిలో చెప్పుకుంటారు. భృంగం గారి మీద ఆయనకున్న ప్రేమలో మాత్రం కల్తీ లేదు, చిక్కంతా అక్కడే వచ్చింది.

చంద్రకళ తన పేరు పక్కన చూసుకుంది. అర్వాచీనురాలు.

వంకాయ ముక్కలు నల్లబడిపోతున్నాయని కూడా చూసుకోకుండా ఆమె అలాగే నిలబడిపోయింది. నిజానికి భృంగనాదంలో చేరిన తొలి పది మందిలో ఆమె ఒకతి. అప్పట్లో ఆమె పేరు "వంటింటి రేడియో". మధ్యలో స్కూల్లో డ్రాయింగ్ టీచరు ఉద్యోగం, పిల్లల చదువులు, అత్తగారి మంచం, వీటితో కొన్నేళ్ళు చావడి మొహం చూడలేదు. తీరా వచ్చేసరికి పాస్‌వర్డ్ గుర్తు లేదు. పాస్‌వర్డ్ పంపించాల్సిన మెయిలు కంపెనీ దుకాణం కట్టేసింది. గొడవెందుకులే అని చంద్రకళ అనే సొంత పేరుతో కొత్తగా చేరింది. అలా చేరినందుకు ఇప్పుడు ఆమె తన యవ్వనం గురించి "అలాగా" అనాల్సి వచ్చింది.

ఇంతలో నంద్యాల నుంచి ఖాదర్ వలి ఫోన్ చేశాడు. ఆయనకు అక్కడ మందుల షాపు ఉంది. ఇరవై ఏళ్ళ స్నేహం, ఒకరినొకరు ఇంతవరకూ చూసుకోలేదు.

"ఏందక్కా, నువ్వు 'అలాగా' కింద పడినావంట?"

"పడ్డాను. మరి నువ్వు?"

"నేను ఆదిసభ్యుణ్ణి. ఇప్పుడే ఒకసారి 'ఆ రోజులే వేరు' అని పెట్టేసి నీకు ఫోన్ చేస్తాండా. ఊరికే వచ్చిన హక్కు, ఎందుకు పోగొట్టుకోవల్ల?"

"నాకు నిట్టూర్పు మీద మోజు లేదయ్యా. నాకు కావాల్సింది ఆ టేపు."

ఖాదర్ వలి ఏ టేపని అడగలేదు. ఏ టేపో ఆయనకు తెలుసు.

టేపు సంగతి చెప్పాలి. చంద్రకళ ఇంటర్ చదివే రోజుల్లో ఒక సాయంత్రం రేడియోలో భృంగం గారి పాట ఒకటి వచ్చింది. విడుదల కాని సినిమాలోది, పడవ పాట. టేపురికార్డరు రేడియో పక్కన పెట్టి ఆమె దాన్ని ఎక్కించుకుంది. రెండో చరణం మధ్యలో వంటింట్లో కుక్కర్ కూసింది. ఆ వెంటనే వాళ్ళమ్మ మాణిక్యాంబ గొంతు వినబడుతుంది. "ఒసేయ్ చంద్రా, ఆ పాట కాస్త తగ్గించవే, విజిళ్ళు లెక్క తప్పుతున్నాయ్."

చాలా ఏళ్ళ తర్వాత చంద్రకళ ఆ పాటను ఉన్నది ఉన్నట్టుగా భృంగనాదంలో పెట్టింది. అప్పటికి ప్రపంచంలో ఆ పాటకు ఇంకో ప్రతి ఉన్నట్టు ఎవరికీ తెలియదు. వందలమంది అభిమానులు విజిల్‌తోనే ఆ పాటను మొదటిసారి విన్నారు, విజిల్‌తోనే నేర్చుకున్నారు, విజిల్‌తోనే ప్రేమించారు. స్నానాల గదుల్లో పాడుకునేటప్పుడు కూడా రెండో చరణం దగ్గర ఆగి, నోటితో కూసి, మాణిక్యాంబ గారి మాట అనేసి, అప్పుడు ముందుకు వెళ్ళేవారు.

తర్వాత ఒక సంస్థ వారు ఆ పాట అసలు రికార్డింగును ఏదో గోడౌన్లో కనుక్కుని, శుభ్రం చేసి, అందరికీ వినిపించారు. భృంగనాదం భగ్గుమంది. విజిల్ లేదు కనుక అది నకిలీ అని కార్యవర్గం ఏకగ్రీవంగా తేల్చింది. ఒక సభ్యుడు మాత్రం, భృంగం గారు స్టూడియోలో కుక్కర్ పెట్టి ఉండరేమోనని భయంభయంగా అన్నాడు. అది గుర్తుపెట్టుకుని అతన్ని ఇప్పుడు అర్వాచీనుల్లో వేశారు.

దాంతో విజిల్‌ను కాపాడుకోవాల్సిన బాధ్యత కార్యవర్గం మీద పడింది. విజిల్ పరిశోధక ఉపసంఘం ఏర్పడింది. విజిల్ ఏ శ్రుతిలో ఉందో కనుక్కున్నారు. పాటకు, విజిల్‌కు శ్రుతి కలుస్తోందని తేల్చడానికి పాట శ్రుతిని కొద్దిగా సవరించారు. చివరకు "ప్రామాణిక ప్రతి" అని ఒకటి తయారుచేసి పెట్టారు. అందులో విజిల్ ఉంది. మాణిక్యాంబ గారి మాట లేదు. సదరు వాక్యం గురువుగారి గానాన్ని తగ్గించమని కోరుచున్నందున, ఇది గురునింద పరిధిలోకి వచ్చునని పినాకపాణి గారు స్వయంగా దాన్ని కోసేశారు. పాత ప్రతులు ఎవరి దగ్గర ఉన్నా తుడిచేయవలెనని ఆజ్ఞ వచ్చింది. అభిమానులు అభిమానులే కనుక అందరూ తుడిచేశారు. తుడిచేసినట్టు ఫోటోలు తీసి కూడా పంపారు. మూలప్రతిని "స్మృతినిధి" అనే అరలో పెట్టి తాళం వేశామని కార్యవర్గం ప్రకటించింది. ఇదంతా చంద్రకళ చావడికి దూరంగా ఉన్న రోజుల్లో జరిగింది.

పోయిన కార్తీకంలో మాణిక్యాంబ కన్నుమూసింది. ఫోటోలు చాలానే ఉన్నాయి. గొంతు ఎక్కడా లేదు. ఫోనులో మాట్లాడమంటే ఆవిడ బిల్లు అవుతుందని పెట్టేసే రకం. పెళ్ళి వీడియోల్లో ఆవిడ ఎప్పుడూ వంటల దగ్గరే ఉండేది, వీడియో తీసేవాడు అక్కడికి రాలేదు. ఆ క్యాసెట్టు ఏనాడో బూజు పట్టింది, మిగిలిందాన్ని టేపురికార్డరు నమిలేసింది. పాట ఎక్కించిన పాత కంప్యూటరూ ఎప్పుడో చెడిపోయింది. ఇక అమ్మ గొంతు ఉన్నదల్లా స్మృతినిధిలోనే. విసుక్కునే గొంతే అయినా సరే, చంద్రకళకు అది కావాలి. అది వినకుండా ఆమెకు ఈ మధ్య వంట చేయబుద్ధి కావడం లేదు.

"ఇంటర్వ్యూ పెడుతున్నారంట కదక్కా," అన్నాడు ఖాదర్ వలి. "ముందు ఇంకో పేరుతో ఉన్నామని చెప్పుకునేవాళ్ళకి. పాసైతే ఆదిసభ్యురాలివి అయిపోతావ్. స్మృతినిధి తెరిపించుకోవచ్చు. నేనడిగితే, టేపు ఇచ్చినోళ్ళే అడగల్లని చెప్పినారు."

"మరి నీ దగ్గరున్న కాపీ ఏమైందయ్యా?"

"తుడిచేసినా గదక్కా. ఫోటో కూడా పంపించినా. మెచ్చుకుంటా జవాబు కూడా రాసినారు," అన్నాడు ఖాదర్ వలి, గొంతు తగ్గించి.

ఇంటర్వ్యూ వీడియోలో జరిగింది. తెర మీద ఒక గడిలో పినాకపాణి గారు, వెనక భృంగం గారి పటం, పటానికి దండ. ఇంకో గడిలో కార్యదర్శి ఆచంట ఫణిభూషణ్. ఈయన పడవ పాట మీద పెద్ద సిద్ధాంత గ్రంథం రాశాడు. విజిల్ తర్వాత పాట ఒక్కసారిగా ఉవ్వెత్తున లేస్తుంది కదా, ఆ లేవడానికి "ఉద్వేగ శిఖరం" అని పేరు పెట్టింది ఈయనే.

"మీరు వంటింటి రేడియో గారినని దరఖాస్తులో పేర్కొని ఉన్నారు," అన్నారు పినాకపాణి గారు.

"పేర్కొనేదేముందండీ. నేనే."

"సదరు దాత కీర్తిశేషులైనట్లుగా కార్యవర్గం భావించి, ప్రతి వార్షికోత్సవానా రెండు నిమిషాల మౌనం పాటించుచున్నది."

"తెలుసండీ. పోయినసారి నేనూ పాటించాను."

పినాకపాణి గారు ఈ జవాబును ఏ అరలో పెట్టాలో తెలియక ఫణిభూషణ్ వైపు చూశారు. ఫణిభూషణ్ గొంతు సవరించుకున్నాడు.

"అదీగాక, ఆ దాత పురుషుడని మా పరిశోధనలో నిర్ధారణ అయింది మేడమ్. రికార్డింగ్‌లో ఉన్న నైపుణ్యాన్ని బట్టి రేడియో ఇంజనీరు అయ్యుంటారని మా అంచనా."

"వంటింటి రేడియో అని పేరు పెట్టుకుంటే ఇంజనీరెట్లా అయ్యారండీ?"

"అది ఆయన వినయం మేడమ్."

తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టారు. కుక్కర్లో ఆనాడు ఉన్న పదార్థమేమి? చంద్రకళ నిజాయితీగా ఆలోచించింది. "గుర్తు లేదండీ. పప్పే అయ్యుంటుంది. కాకపోతే బంగాళదుంపలు." పినాకపాణి గారు నిరాశగా తలాడించారు. ఉపసంఘం తేల్చిన జవాబు కందిపప్పు, తోటకూర. అది ఏ వారం? "అదీ గుర్తు లేదండీ." గురువారమని ఉపసంఘం ఎప్పుడో తేల్చింది, ఎందుకంటే భృంగం గారికి గురువారం ఇష్టం.

"విజిల్ అనంతరం గానం ఒక్కసారిగా విజృంభించుటలో గురువుగారి ఉద్దేశం ఏమై ఉండునో వివరించండి," అన్నారు పినాకపాణి గారు.

"ఆయన ఉద్దేశం ఏమీ లేదండీ. అమ్మ తగ్గించమంది. నాకు ఒళ్ళు మండి రేడియో సౌండు పెంచాను."

ఫణిభూషణ్ గడిలో చలనం ఆగిపోయింది. నెట్ ఆగిందేమోనని చంద్రకళ అనుకుంది. నెట్ బాగానే ఉంది. ఆయన కాసేపటికి పక్కనున్న నీళ్ళ సీసా అందుకుని, తాగి, మూత పెట్టి, మళ్ళీ మూత తీసి తాగాడు.

"రుజువేమైనా కలదా?" అడిగారు పినాకపాణి గారు.

"ఉందండీ. విజిల్ అవ్వగానే మా అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచింది. చంద్రా అని. టేపులోనే ఉంది."

"ఆ భాగం ప్రామాణిక ప్రతిలో లేదు."

"మీరు తీసేశారు కదండీ."

"తీసివేసినందువల్లనే లేదు. లేనిదానిని రుజువుగా స్వీకరించు అధికారం ఈ కమిటీకి లేదు."

"ఉన్నచోట చూడండి మరి. స్మృతినిధి తీసి వింటే తెలిసిపోతుంది."

"స్మృతినిధిని తెరుచుటకు, టేపు ఇచ్చిన ఆదిసభ్యులే కోరవలెను. మీరు ఆదిసభ్యురాలు అగుటకు రుజువు కావలెను. వరుసక్రమంలో రావలెనమ్మా," అన్నారాయన. గొంతులో కాఠిన్యం లేదు. ఆయనకు నిజంగానే ఇందులో ఇబ్బందేమీ కనబడలేదు.

సాయంత్రానికి ఫలితం వచ్చింది. చంద్రకళ తప్పింది. కారణాలు: స్మృతిలోపం, గురునింద. అదే రోజు పరీక్షకు కూర్చున్న ఒక బీటెక్ అబ్బాయి మంచి మార్కులతో ఆదిసభ్యుడయ్యాడు. అతనికి కందిపప్పు గుర్తుంది, తోటకూర గుర్తుంది, గురువారం గుర్తుంది. మోడెం కీచుమంటుంటే వాళ్ళ నాన్న తిట్టడం కూడా గుర్తుంది. అతను పుట్టేనాటికే మోడెంల కాలం అయిపోయిందన్నది వేరే సంగతి. రాజమండ్రిలో ఒకాయన జ్ఞాపకాలకు కోచింగ్ పెట్టాడని, రెండు వారాల్లో పాతికేళ్ళు గుర్తొచ్చేలా చేస్తున్నాడని తర్వాత తెలిసింది. నిజంగా ఆ రోజుల్లో ఉన్నవాళ్ళు మాత్రం వరసపెట్టి తప్పారు. ఉన్నవాళ్ళకు సగం గుర్తుండదు, గుర్తున్న సగం మీద వాళ్ళలో వాళ్ళకే గొడవ.

"చావడి రజతోత్సవానికి రాక్కా," అన్నాడు ఖాదర్ వలి. "బెజవాడలో ఆ పినాకపాణిని ఎదురుగా పట్టుకుని అడుగుదాం. తెర మీద మనిషి వేరు, ఎదురుగా మనిషి వేరు."

రజతోత్సవం విజయవాడలో పెద్ద హాల్లో పెట్టారు. ఆదిసభ్యులకు ముందు సోఫాలు, మధ్యములకు కుర్చీలు, అర్వాచీనులకు బాల్కనీ. తలుపు దగ్గర ఖాదర్ వలి నిలబడి ఉన్నాడు. ఫోనులో గొంతును బట్టి చంద్రకళ సన్నటి మనిషిని ఊహించుకుంది. ఎదురుగా ఉన్నది మంచి భారీ శాల్తీ. "నువ్వేనా?" అని ఇద్దరూ ఒకేసారి అడిగారు. కాసేపు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ తర్వాత ఆయన సోఫాకీ, ఆమె బాల్కనీకీ వెళ్ళిపోయారు.

కార్యక్రమం మోడెం గీతంతో మొదలైంది. స్పీకర్లలో పాతకాలపు మోడెం కీచుకీచుమని, గరగరమని, బుస్సుమని అరుస్తుంటే అందరూ లేచి నిలబడ్డారు. ముందు వరసలో కొందరు కళ్ళు మూసుకున్నారు. కనెక్షన్ కలిసిన చప్పుడు రాగానే చప్పట్లు కొట్టారు. తర్వాత వంటింటి రేడియో గారి ఆత్మశాంతికి మౌనం. బాల్కనీలో చంద్రకళ కూడా తల వంచుకుని నిలబడింది. తప్పదు, అందరూ నిలబడ్డారు.

పినాకపాణి గారి ఉపన్యాసం సాగింది. "ఆ రోజుల్లో ఒక్క పాట వినవలెనన్న రాత్రి డౌన్‌లోడుకు వేసి పడుకుంటే తెల్లవారికి సగం వచ్చేది. మిగతా సగం కోసం మరొక రాత్రి ఎదురుచూసేవారం. నేడు వేలు ఆనించగానే పాట వచ్చుచున్నది. ఇది గురువుగారికి అవమానం. కావున వచ్చే నెల నుండి మన సైటులో వేగాన్ని పూర్వస్థితికి తగ్గించుచున్నాము. ప్రతి పాట మధ్యలో కనీసం ఒకసారి ఆగును." హాలు దద్దరిల్లింది. పక్కనున్న అర్వాచీనుడొకడు "అలాగా" అన్నాడు.

చివరగా పడవ పాట. తెర లేచింది. ఆర్కెస్ట్రా వాళ్ళ మధ్యలో, పట్టుగుడ్డ కప్పిన బల్ల మీద, గ్యాస్ పొయ్యి మీద, పసుపు కుంకుమ బొట్లతో కుక్కర్ కూర్చుని ఉంది. దాని మీద ఒక మైకు వంగి ఉంది. పక్కన నిలబడ్డ వంటాయనకు "విజిల్ విద్వాంసులు" అని బ్యాడ్జి పెట్టారు. ఆయన భోజనాల వైపు నుంచి ఇటు వచ్చి, అక్కడ సాంబారు ఏమవుతోందోనని వెనక్కి వెనక్కి చూస్తున్నాడు.

పాట మొదలైంది. గాయని చిన్నపిల్ల, గొంతు బాగుంది. పల్లవి, మొదటి చరణం, మళ్ళీ పల్లవి. రెండో చరణంలో విజిల్ రావాల్సిన పంక్తి వచ్చింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. కుక్కర్ కూయలేదు.

గాయని పినాకపాణి గారి వైపు చూసింది. ఆయన చేత్తో మళ్ళీ పాడమన్నట్టు సైగ చేశారు. ఆమె ఆ పంక్తి మళ్ళీ పాడింది. కుక్కర్ ఉస్సుమంది గాని కూయలేదు. మళ్ళీ పాడింది. తబలా ఆయన ఎందుకైనా మంచిదని నెమ్మదించాడు. వంటాయన మంట పెంచాడు. ఫణిభూషణ్ రెక్క పట్టి ఆపాడు, మంట పెంచితే శ్రుతి మారుతుందట. మళ్ళీ పాడింది. ముందు వరస సోఫాల్లో పెద్దవాళ్ళు చేతులు జోడించారు. పంక్తిలో పడవ బయలుదేరుతూనే ఉంది, ఎక్కడికీ పోవడం లేదు. బాల్కనీలో చంద్రకళ తనకు తెలియకుండానే కుర్చీ అంచుకు జరిగి, కుక్కర్ను మనసులో బతిమాలుతోంది. ఇంట్లో అమ్మ చేసేది అదే, పొయ్యి ముందు నిలబడి, కూయవే తల్లీ, అనేది.

కుక్కర్ కూసింది.

మైకులోంచి వచ్చిన కూతకు కిటికీ అద్దాలు అదిరాయి. అన్నాళ్ళ ఎదురుచూపు, అంతసేపు బిగబట్టిన ఊపిరి, అన్నీ ఒక్కసారే వదిలాయి. ఆ వెంటనే ఎవరూ చెప్పకుండానే, ఎవరూ అనుకోకుండానే, సోఫాలూ కుర్చీలూ కలిసి ఒక్క గొంతుతో అన్నాయి.

"ఒసేయ్ చంద్రా, ఆ పాట కాస్త తగ్గించవే, విజిళ్ళు లెక్క తప్పుతున్నాయ్."

ఆ విసుగు అదే. "తప్పుతున్నాయ్" దగ్గర గొంతు కాస్త జారడం కూడా అదే. బట్టతలల వాళ్ళు, జరీపంచెల వాళ్ళు, రిటైరైన ఇంజనీర్లు, నంద్యాల మందుల షాపు ఆయన, అందరూ మాణిక్యాంబ గారైపోయారు. పాత కాపీలు తుడిచి ఫోటోలు పంపినవాళ్ళు ఆ మాటను మాత్రం తుడవలేదు, తుడవడానికి అది ఎక్కడుందో వాళ్ళకే తెలియదు.

ఆర్కెస్ట్రా వాళ్ళకు ఈ చరిత్ర ఏమీ తెలియదు. హాలంతా తగ్గించమంటోంది కదా అని మిక్సర్ దగ్గరున్నాయన సౌండు తగ్గించేశాడు. ఉద్వేగ శిఖరం రావాల్సిన చోట పాట మెల్లగా, జోలపాటలా వచ్చింది. ఫణిభూషణ్ తల పట్టుకున్నాడు. బాల్కనీలో చంద్రకళకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండింట్లో దేన్ని ఆపుకోవాలో తెలియక దేన్నీ ఆపుకోలేదు. పక్కనున్న అర్వాచీనుడు తన మంచినీళ్ళ సీసా ఇచ్చాడు.

జనం భోజనాలకు కదిలాక ఖాదర్ వలి ఆమెను వేదిక దగ్గరికి తీసుకొచ్చాడు. పినాకపాణి గారు చల్లారుతున్న కుక్కర్ పక్కన ఒక్కరే నిలబడి ఉన్నారు.

"మీ పేరు ఏమన్నారమ్మా?"

"చంద్రకళ అండీ. అమ్మ చంద్రా అనేది."

ఆయన కుక్కర్ వైపు ఒకసారి చూశారు.

"అమ్మగారు?"

"పోయిన కార్తీకంలో పోయారు. అందుకే ఆ టేపు అడిగాను."

పినాకపాణి గారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. "టేపు లేదమ్మా. అనధికార ప్రతులు బయటికి పొక్కకుండా, భద్రత దృష్ట్యా, మూలప్రతిని కూడా తొలగించడమైనది. స్మృతినిధిలో ఉన్నది తాళం మాత్రమే."

చంద్రకళ పక్కనున్న కుర్చీలో కూర్చుంది. ఖాదర్ వలి "ఏం మనుషులయ్యా మీరు," అన్నాడు. పినాకపాణి గారు కాదనలేదు. కాసేపటికి ఆయన విద్యుత్ శాఖ భాష వదిలేసి, చిన్నగా అన్నారు. "నేను కూడా అనేశానమ్మా ఇందాక. మొదటి వరసలో అందరికంటే ముందు నేనే అన్నాను. కోసింది నేనే గదా. కోసేటప్పుడు ఎన్నిసార్లు విన్నానో."

అంతలో ఫణిభూషణ్ పరుగెత్తుకొచ్చి, జరిగిన దానిపై కార్యవర్గం తక్షణం స్పందించాలన్నాడు. పినాకపాణి గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. కళ్ళజోడుతో పాటు భాష కూడా వచ్చేసింది.

మర్నాడు పొద్దున ప్రకటన వచ్చింది. "ప్రేక్షకుల నుండి స్వచ్ఛందంగా వెలువడిన వాక్యమును వారసత్వ వాక్యముగా గుర్తించడమైనది. ఇకపై ప్రతి ఉత్సవమున విజిల్ అనంతరం దీనిని పలుకవలెను. పలుకు హక్కు ఆదిసభ్యులకు మాత్రమే. సరైన విసుగుతో పలుకుటకు శిక్షణా తరగతులు నిర్వహించబడును. చంద్రకళ అను సభ్యురాలి ప్రత్యేక పరిస్థితిని సానుభూతితో పరిశీలించి, వారిని అర్వాచీనుల నుండి మధ్యములకు పెంచడమైనది. వారు సదరు వాక్యమును మనసులో అనుకొనవచ్చును."

దాని వెనకే ఖాదర్ వలి పంపిన ఫైలు ఒకటి వచ్చింది. హాల్లో తన ఫోనులో ఎక్కించాడట. "అనధికార ప్రతి అక్కా, తుడిచేయమన్నా తుడవను," అని రాశాడు.

చంద్రకళ కందిపప్పు కడిగి కుక్కర్లో పోసింది. తోటకూర ఉంటే అదీ వేసింది, కమిటీ చెప్పింది కదా అని. పొయ్యి వెలిగించి, ఫోను అటక కింద గూట్లో పెట్టి పాట పెట్టింది. పల్లవి అయింది, చరణం అయింది, పడవ బయలుదేరుతూ బయలుదేరుతూ ఆగింది, ఫోనులో కుక్కర్ కూసింది. హాలంతా ఆమెను కేకేసింది. ఆమె మళ్ళీ మొదటికి పెట్టుకుంది. మళ్ళీ కేకేసింది. మళ్ళీ పెట్టుకుంది.

ఎన్నోసారో, పొయ్యి మీది కుక్కర్ కూసింది. ఫోనులోది కూసిందో పొయ్యి మీదిది కూసిందో, ఎన్ని అయ్యాయో, ఇంకెన్ని రావాలో ఆమెకు ఏమీ తెలియలేదు. పప్పు మాడుతుందేమోనని భయం వేసింది. మూత మీద చెయ్యి పెట్టబోయి, కాలి, వెనక్కి తీసుకుంది.

"సరేలేవే అమ్మా," అంటూ చంద్రకళ గూటి దగ్గరికి వెళ్ళి పాట తగ్గించింది.